మొండిపిల్లకో పుస్తకం

“ఇది వద్దు మేడమ్.”

రెండు జడల పిల్ల పుస్తకాన్ని బల్ల మీద పెట్టేసింది. లైబ్రేరియన్ ఏరి కోరి తీసిచ్చిన పుస్తకం అది.

“ఏం, బాగోలేదా?”

“ఏమో! నేను ఆ ఆంటీ దగ్గరికెళ్తా.”

లైబ్రేరియన్‌కు ఒళ్లు మండింది.

ఆ ఆంటీ మూలనున్న పిల్లల కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒదిగి కూర్చుని ఉంది. నెరిసిన పొట్టి జుట్టు, దారంతో మెడకు వేలాడే కళ్లజోడు. ఎవరో ఏమిటో తెలియదు. కొంతకాలంగా ప్రతి శనివారం వస్తోంది. ఆవిడ అలా కూర్చుందో లేదో, పిల్లలు చీమల్లా చుట్టుముట్టేస్తారు.

లైబ్రేరియన్ మనసులో ఆవిడకు ‘కళ్లజోడావిడ’ అని పేరు పెట్టుకుంది.

ఈ పిల్లల గది అంటే లైబ్రేరియన్‌కు ప్రాణం. ర్యాకులకు రంగులు వేయించింది తను. ఏ వయసుకు ఏ పుస్తకమో చీటీలు అంటించింది తను. అయినా ఇన్నాళ్లూ ఈగలు తోలుకుంటూ కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడు గది కళకళలాడుతోంది. ఎవరి వల్ల? ఊరూ పేరూ తెలియని ఎవరో ఆవిడ వల్ల!

ఇంట్లో చెప్పుకుంటే భర్త నవ్వాడు.

“ఎవరి వల్లయితేనేం, గది నిండిందిగా?”

“నిండింది. నా వల్ల కాదుగా!”

అనేశాక తనకే సిగ్గేసింది. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

తర్వాతి శనివారం పిల్లలంతా కళ్లజోడావిడ మీద పడి “ఇది బావుంది”, “కాదు, నాది బావుంది” అని పోట్లాడుకుంటున్నారు. లైబ్రేరియన్ ఇక చూడలేకపోయింది. విసవిసా వెళ్లి నిలబడింది.

“మీ పిల్లలెవరైనా ఇక్కడ మెంబర్లాండీ?”

“లేరమ్మా.”

“అయితే మీరిక్కడ కూర్చోకూడదు. సంబంధం లేని పెద్దవాళ్లని పిల్లల గదిలోకి రానివ్వం. రూలు.”

అలాంటి రూలేదీ లేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది.

ఆవిడ ఒక్క క్షణం లైబ్రేరియన్ ముఖంలోకి చూసింది.

“మంచి రూలేనమ్మా,” అంది. కుర్చీ సర్దింది. సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ పూట లైబ్రేరియన్‌కు అన్నం రుచిగా తోచింది.

మళ్లీ శనివారం వచ్చింది. పిల్లలు గుమ్మంలోంచి మూలకు తొంగి చూశారు. ఆ కుర్చీ ఖాళీ. ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు.

లైబ్రేరియన్ చేతినిండా పుస్తకాలతో వెంటపడింది.

“ఇది తీసుకో నాన్నా, చాలా మంచిది. ఇందులో నీతి ఉంది.”

నీతి అన్న మాట చెవినపడగానే ఆ కుర్రాడు గుమ్మం దాటేశాడు.

ఆఖరికి రెండు జడల పిల్ల మిగిలింది. లైబ్రేరియన్ బింకం దిగమింగుకుని అడిగింది.

“ఆవిడ చదవమంటే చదువుతారు, నేను చదవమంటే పారిపోతారు. ఎందుకే?”

“ఆంటీ ఏదీ చదవమనదు మేడమ్. మమ్మల్నే అడుగుతుంది.”

“ఏమని?”

“‘మా ఇంట్లో ఒక మొండిపిల్ల ఉంది, ఏ పుస్తకం ఇచ్చినా విసిరికొడుతుంది, దానికేం ఇవ్వాలో కాస్త చెప్పండర్రా’ అని. మేం వెతుకుతాం. ఒక పేజీ చదివి చెబుతాం. ‘అబ్బే, ఇది దానికి నచ్చదు’ అంటుంది. మళ్లీ వెతుకుతాం. అలా వెతుకుతుంటే మాకే నచ్చేస్తాయి.”

లైబ్రేరియన్ చేతిలోని పుస్తకాలు బల్ల మీద పెట్టేసి, వెళ్లి ఆ చిన్న కుర్చీలో కూర్చుంది.

“మా ఇంట్లోనూ ఒక మొండిఘటం ఉందే. దానికేదైనా వెతికిపెడతావా?”

“ఎవరు మేడమ్?”

“నేనే.”

పిల్ల కిసుక్కున నవ్వి ర్యాకుల మధ్యకు పరిగెత్తింది. వీధిలో ఉన్న మరో ఇద్దరిని కూడా కేకేసి పిలిచింది.

మెల్లమెల్లగా గది మళ్లీ నిండింది. ఈసారి తన వల్లే నిండింది. కానీ ఆ సంగతి తలుచుకుని సంతోషించబోయినప్పుడల్లా లైబ్రేరియన్‌కు ఆ లేని రూలు గుర్తొచ్చేది. శనివారం గుమ్మంలో అడుగుల చప్పుడైతే చాలు, తలెత్తి చూసేది.

కళ్లజోడావిడ మళ్లీ రాలేదు.

కొన్నాళ్లకు పై ఆఫీసు నుంచి లైబ్రేరియన్‌కు పిలుపొచ్చింది. అక్కడి ఆఫీసరు కూర్చోమన్నాడు.

“పిల్లలు రావట్లేదని మీ గది మూసేద్దామనుకున్నామమ్మా. ఇక ఆ భయం లేదు. అంతా మా పెద్ద మేడమ్ చలవ. ‘నేను స్వయంగా చూసొస్తాను, అందాకా ఆగండి’ అని ఆవిడే అడ్డుపడ్డారు.”

“ఆవిడకో దణ్ణం పెట్టుకోవాలండీ. ఎక్కడుంటారు?”

“పోయిన నెలే రిటైరయ్యారు. మర్నాడే ఊరు వదిలి వెళ్లిపోయారు.”

“అయ్యో! ఆవిడ సంతకం చూడటమే గానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు. మా గదికి ఒక్కసారి కూడా రాలేదే!”

ఆఫీసరు నవ్వాడు.

“రాకేమండీ? ఆఖరిసారి వచ్చినప్పుడు మీరే కదా ఆవిడను బయటికి పంపించారు! ‘ముక్కూ మొహం తెలియని మనిషిని పిల్లల దగ్గర కూర్చోనివ్వలేదు, ఆ గదికి అలాంటి తల్లే ఉండాలి’ అని మా అందరికీ చెప్పి మరీ వెళ్లారు.”