సాస్ వెయ్యమంటే

ఆ పొద్దున చంద్రమౌళి చేతిలో ఉన్నవి ఒక గంప మామిడిపండ్లు, ఒక ఫ్రీజరు, ఒక కోడలు.

లేనిది వంటమనిషి.

ఆదోని మండీలో గింజల బేరం మానుకొని ఐస్‌క్రీం అంగడి పెట్టినప్పుడు నవ్వినవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఎండాకాలం అయిపోవస్తోంది. కౌతాళం బసప్ప ఇంటి పెండ్లి ఆర్డరు పడితే అంగడి నిలబడుతుంది. పడకపోతే మొదటి వానకే షట్టరు దించాలి.

"మా ఇంటి పెద్దదిక్కు వచ్చి రుచి చూస్తాదన్నా. ఆ నోటికి నచ్చితే బేరం కుదిరినట్లే," అని బసప్ప ముందురోజే ఫోన్లో చెప్పాడు.

పెద్దదిక్కు అనగానే చంద్రమౌళి కళ్ల ముందు ఒక తెల్ల తలపాగా, దాని కింద దట్టమైన మీసాలు వచ్చి నిలబడ్డాయి. ఆ మీసాల కోసం ఫ్యాను కింద కుర్చీ తుడిచి వేశాడు.

అంతలో ఒక ముసలామె గడప ముందు చెప్పులు విడిచింది. ఎమ్మిగనూరు నేతచీర, చంకలో గుడ్డసంచి.

వంటమనిషిని కౌతాళం నుంచే పంపుతానని మండీ స్నేహితుడొకడు మాట ఇచ్చి ఉన్నాడు.

"కౌతాళమేనా?" అన్నాడు చంద్రమౌళి.

"అవునప్పా, కౌతాళమే. బస్సు దిగి నడిచొస్తాండా."

"ఇంత ఆలస్యమా? వంటిల్లు ఆడుండాది. లోపలికి పో."

ఆమె అతని వైపు ఒకసారి, కుర్చీ వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది.

"మామిడిపండ్ల గుజ్జు తియ్యి. ఐస్‌క్రీం మీదికి సాస్ వెయ్యాల."

"ఐస్‌క్రీం మీదికి సాస్వెనా?"

"అవు. చేతనవుతాదా?"

"పుట్టినప్పటి నుంచి అదే తింటాండామప్పా. ఐస్‌క్రీం మీదికంటే మాత్రం ఇప్పుడే వింటాండా."

"టౌన్లో అట్లే తింటారులే," అని చంద్రమౌళి వచ్చే పెద్దమనిషికి తమలపాకులు తేవడానికి బజారుకు పోయాడు.

తిరిగొచ్చేసరికి గిన్నె నిండా పసుపు పచ్చగా నిగనిగలాడుతోంది. ముచ్చటపడి ఒక చెంచా నోట్లో వేసుకున్నాడు.

ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం కలిపినావు దీంట్లో?"

"సాస్వె. ఇంత టెంకాయ, ఇంత బెల్లం, రెండు ఎండుమిరపకాయలు. నువ్వే కదప్పా సాస్వె అంటివి."

కప్పులు తుడుస్తున్న కోడలు శరణ్య వాకిలి పట్టుకొని నవ్వింది.

"మామా, కౌతాళంలో సగం మాటలు కన్నడమే కదా. సాస్వె అంటే ఆవాలు. ఆవాలు నూరి మామిడిపండుతో కలిపేదాన్నీ సాస్వె అనే అంటారు. మీరు సాస్ వెయ్యమన్నారు, అవ్వ సాస్వె చేసింది."

"ఐస్‌క్రీం అంగట్లో ఆవాలు ఎవరికి గుర్తొస్తాయమ్మా? సగం గంప పోయింది. అవ్వా, నా కొంప ముంచేదానికే వచ్చినావా నువ్వు?"

"ముంచలేదప్పా, నూరినా."

శరణ్య మిగిలిన పండ్ల గుజ్జు తీసి, జల్లెడ పట్టి, చక్కెర వేసి సన్నని మంట మీద పెట్టింది. ముసలామె అడగకుండానే గరిటె అందుకుంది.

"ఎందాక కలపాలమ్మా?"

"గరిటె వెనకాల వేలితో గీత గీస్తే చెదరకుండా నిలబడాల అవ్వా. అప్పుడు దించి నిమ్మకాయ పిండితే సరి. చల్లారినాక ఇంకా చిక్కబడుతుంది."

"మన పాకం మాదిరే."

"దానికంటే సులభం."

"మాటల్లో పడి అడుగంటించేరు," అన్నాడు చంద్రమౌళి. "అవ్వా, అయినాక ఆ గిన్నెలన్నీ తోమి పెట్టు. వచ్చేవాళ్ల ముందర వంటిల్లు అద్దంలా ఉండాల."

ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని గిన్నెలు తోమింది. సాస్ చల్లారాక, ఎవరూ చెప్పకుండానే ఒక కప్పు ఐస్‌క్రీం పెట్టుకొని సాస్ పోసుకుంది. సగం తిన్నాక దాని మీదే ఒక చెంచా సాస్వె వేసుకొని కళ్లు మూసుకుంది.

"పెద్దదిక్కు రాకముందే నువ్వు కప్పు ఖాళీ చేస్తివే," అన్నాడు చంద్రమౌళి.

"తినకుండా పోతే ఇంత దూరం వచ్చి ఏం ఫలితమప్పా?"

మండీలో మచ్చు గింజ చూసి బస్తా గుణం చెప్పిన చంద్రమౌళికి ఆ మాటలో ఏమీ కనిపించలేదు. ఇట్లాంటి మనిషిని పంపినందుకు స్నేహితుణ్ణి మనసులో తిట్టుకున్నాడు.

శరణ్య మిగిలిన సాస్వె స్టీలు డబ్బాలో పోసి ఇచ్చింది. ముసలామె ఆ పిల్ల బుగ్గలు నిమిరి, మెటికలు విరిచి, చెప్పులు తొడుక్కొని పోయింది. పోతే పోనీలే అని చంద్రమౌళి ఆపలేదు.

మధ్యాహ్నం దాటింది. తలపాగా రాలేదు, మీసాలూ రాలేదు. తమలపాకులు వాడిపోయాయి.

చంద్రమౌళి ఆశ వదులుకుంటుండగా ఒక నడివయసు మనిషి కొంగుతో చెమట తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది.

"తప్పయిపోయిందన్నా. కౌతాళంలో బస్సు తప్పిపోయింది. వంటకి రమ్మంటిరి కదా."

చంద్రమౌళి ఆమెను చూశాడు. తళతళలాడుతున్న గిన్నెలను చూశాడు. ఫోను మోగింది.

"అన్నా, పెండ్లి ఆర్డరు మీదే," అన్నాడు బసప్ప.

"అదెట్లా? మీ పెద్దదిక్కు ఇంకా రానేలేదు కదప్పా."

"రాకపోవడమేందన్నా? మా అవ్వ మీ గిన్నెలన్నీ తోమి, బస్సెక్కి, ఇప్పుడే ఫోన్ చేసినాది. పెండ్లినాడు సాస్ మీ కోడలే వెయ్యాలంట, సాస్వె మాత్రం తానే నూరుతాదంట."