లెన్స్ లేని కన్ను

"ముందు ఆ లెన్స్ తీసెయ్ తాతా!"

"ఏం లెన్స్ బిడ్డా?" రాయమల్లు అమాయకంగా అడిగాడు.

"కుడికంట్ల పెట్టుకున్నవు కదా, అది."

"దేవుని తోడు, నాకు అదెట్లుంటదో గూడ ఎరుకలే."

సింధు తల పట్టుకుంది.

కంటిలోని గీతలను బట్టి మనిషిని పోల్చుకునే యంత్రాలు వచ్చాయి. రంగు లెన్సులు పెట్టుకుని వాటి కళ్లుగప్పే ఘనులూ వచ్చారు. ఆ లెన్సులను పట్టే ప్రోగ్రాం రాయడమే హన్మకొండ కాలేజీలో సింధు పీహెచ్‌డీ.

రెండు వందల మంది కళ్లను ఫోటో తీసింది. నూట తొంభై తొమ్మిది మంది దగ్గర బుద్ధిగా నడిచిన ప్రోగ్రాం, మరిపెడ నుంచి వచ్చిన ఈ ముసలాయన దగ్గరే మొండికేసింది. మూడుసార్లు తీసినా అదే మాట, కుడికంట్లో లెన్స్ ఉందని.

పరిశోధన పత్రం పంపడానికి సాయంత్రమే గడువు.

"బిడ్డా, నీతోని జర ఒక ముచ్చట..."

"ముచ్చట్లకు టైం లేదు తాతా! నీ అబద్ధంతోని నా మూడేండ్ల కష్టం గంగల కలుస్తాంది. ఇగ పో!"

రాయమల్లు ముఖం చిన్నబోయింది. "పైలం బిడ్డా," అని వెళ్లిపోయాడు.

సింధు ఆయన ఫోటోలు తీసిపారేసింది. లెక్క నూటికి నూరు వచ్చింది. పత్రం అచ్చుకు ఎంపికైంది. గైడ్ మెచ్చుకున్నారు. స్నేహితులు స్వీట్లు పంచారు.

సింధు తన వంతు స్వీటును చనిపోయిన నాన్న ఫోటో ముందు పెట్టబోయి ఆగిపోయింది.

ఛీ, ఎంత పని చేసింది! తన ప్రోగ్రాం తప్పని ఒప్పుకోలేక, పెద్దమనిషిని అబద్ధాలకోరును చేసింది. ఆ కన్నుకేమైందని ఒక్క మాటైనా అడిగిందా?

నెల తిరక్కుండానే, ఫారంలోని అడ్రసు పట్టుకుని మరిపెడ బస్సెక్కింది.

ఇంట్లో రాయమల్లు భార్య మొగిలమ్మ ఒక్కతే ఉంది.

"తాత లేడా అమ్మా? నేను సింధును, కాలేజీ నుంచి..."

"గుండెపోటుతోని పోయిండు బిడ్డా. పదిరోజులైతాంది."

సింధు గడప దగ్గరే చేతులు జోడించింది.

"మాఫీ అడుగుదామని వచ్చినమ్మా. లెన్స్ పెట్టుకున్నవని ఆయన్ను నానా మాటలన్న."

"లెన్స్ గాదు బిడ్డా. చూపు పోతే ఆ కన్నుకు ముందటి పొర మార్చిండ్రు. సుట్టూత కుట్ల మచ్చ ఉండె. నీ మిషిన్ గదే చూసిందేమో."

"మరి నాతోని చెప్పలేదేందమ్మా?"

"పిల్ల పనిల పరేషానున్నది, ఇంకోసారి పోయి చెప్త అన్నడు."

సింధు వెక్కివెక్కి ఏడ్చింది. మొగిలమ్మ ఆమె తల నిమిరింది.

"ఎవలిచ్చిన కన్నో దవాఖానోల్లు చెప్పరు. ఆపరేషనైన దినమే కండ్లు దానమిచ్చినాయన ఫోటో పేపర్ల పడితే, రెండేండ్లు తిరిగి మేమే ఆరా తీసినం. మీ నాయన కన్నుకు ఆయన బిడ్డను ఒక్కసారి చూపించొస్తనని నీ దగ్గరికి పోయిండు తల్లీ."