ఒళ్లో పరీక్ష

"ఇన్ని వందల మంది పిల్లల్లో ఒక్కరూ ఫెయిల్ కాలేదా సిస్టర్?"

తనిఖీకి వచ్చిన డాక్టర్ అప్పాజీగారు మెచ్చుకుంటున్నారో, అనుమానిస్తున్నారో సత్యకుమారికి అంతుపట్టలేదు.

"ఇవాళే ఒక పాప ఫెయిలైందండి. మూడుసార్లు చూశాను."

తణుకులోని ఆ చిన్న ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష పెట్టించింది సత్యకుమారే. పెద్ద డాక్టరుగారి కాళ్లావేళ్లా పడింది. మెషీన్లు లేని రోజులు కదా, రిక్షాకుండే రబ్బరు హారన్‌తోనే పని. మొదటి పరీక్ష ఆమె కొడుకు కిరణ్‌కే, పుట్టిన వారానికి; ఆ రోజు హారన్ నొక్కింది ఆయా. ఇప్పుడు రెండేళ్లు దాటినా వాడింకా "అమ్మా" అనలేదు. అత్తగారు మొక్కని దేవుడు లేడు. "వినపడుతుందత్తయ్యా, హారన్‌కి ఉలిక్కిపడ్డాడు, కళ్లారా చూశాను. మాట ఆలస్యం, అంతే" అంటుంది సత్యకుమారి. ఆ ధైర్యంతోనే రోజులు నెట్టుకొస్తోంది పాపం.

"ఏదీ, చేసి చూపించండి."

బాలింత ఆ పాపను ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. సిగ్గరి కాబోలు, ఏమడిగినా పక్కనున్న ఆమె తల్లి ఏసమ్మే జవాబు చెబుతోంది. సత్యకుమారి బాలింత వెనక నిలబడి హారన్ గట్టిగా నొక్కింది. పాపలో కదలిక లేదు. ఏసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. బాలింత మాత్రం పాప బుగ్గ నిమురుతూనే ఉంది.

"ఒళ్లో ఎందుకు? బల్లమీద పడుకోబెట్టొచ్చుగా?"

"పురుడు వెళ్లకుండా బల్లమీద పెట్టనివ్వరండి పెద్దవాళ్లు. అందుకే మొదట్నించీ అందరికీ ఒళ్లోనే."

ఏసమ్మను ఒప్పించి, దుప్పటి పరిచి, అప్పాజీగారే పాపను బల్లమీద పడుకోబెట్టారు. హారన్ మోగింది. పాప రెండు చేతులూ ఎగరేసి కేరుమంది.

"వినపడుతోందా అండి?" ఏసమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. "తల్లి పోలికే వచ్చిందనుకుని ఏడుస్తున్నానండి. మా పిల్లకి పుట్టుచెవుడు."

అప్పాజీగారు పాపను ఎత్తి మళ్లీ బాలింత ఒళ్లో పెట్టారు.

"చూశారా సిస్టర్, ఈ తల్లికి వినపడదు కాబట్టి అదరలేదు. మిగతా తల్లులంతా అదిరారు. వాళ్ల అదురుకి ఒళ్లో బిడ్డ కదిలితే మీరు పాస్ అన్నారు. అందర్నీ మళ్లీ పిలిపించాలమ్మా."

సత్యకుమారికి తర్వాతి మాటలు చెవికెక్కలేదు. హారన్‌ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ రోజు కిరణ్ ఉన్నది ఆమె ఒళ్లోనే.