మింగినావా అప్పా

“ఏమప్పా, మాత్ర మింగినావా?”

బస్సంతా వినబడేలా అడిగాడు పక్క సీటు సుంకన్న.

ఓబుళేశుకు తల తీసేసినట్టయింది.

ఓర్వకల్లు నుంచి రోజూ కర్నూలుకు పోయి, కాలిన మోటార్లకు తీగ చుట్టడం అతని పని. నిరుడు అతనే కాలిపోయాడు. దిగులు జబ్బన్నాడు డాక్టరు. మందులు వాడాక మనిషి లేచాడు, పనిలోకొచ్చాడు. ఇంటావిడ అహోబిలం పోయి మొక్కు తీర్చేసింది.

మొక్కు తీరాక కూడా మాత్ర మింగితే స్వామిని అనుమానించినట్టేనంది.

ఓబుళేశు ఆపేశాడు.

మందు మానేశానని షాపులో చెబితే అందరూ భుజం తట్టారు. పాపం, వాళ్ళకు తెలిసిన మందు ఒకటే.

కానీ దిగులు పూర్తిగా దిగలేదు. కోడి కంటే ముందే మెలకువ. సంగటి నోట్లో మట్టి. కూర్చున్నా కాలు ఊగుతూనే ఉండేది. మోటారు తిరిగితే బాగైనట్టు. మరి జబ్బు తిరగబెడితే?

సుంకన్న చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఎప్పుడో ఓబుళేశు జేబులో మాత్రల అట్ట చూశాడు, అంతే. ఆనాటి నుంచి పక్క సీటు మీద తువ్వాలు పరిచి అతనికోసం ఆపడం, ఈ ప్రశ్న వేయడం.

ఓబుళేశు రోజూ మాత్రకు బదులు నిజాన్ని మింగి, “మింగినాలే” అనేవాడు. ముసలాయన మొహం విప్పారేది.

ఈరోజు మాత్రం ఒళ్ళు మండింది.

“నా మాత్రతో నీకేం పనప్పా? నాకు బాగయింది. నీకు పనీ పాటా లేక నన్ను తింటాండావు.”

సుంకన్న తువ్వాలు మడత పెట్టుకున్నాడు.

“బాగున్నప్పుడే మింగాలప్పా. వానొచ్చినాక మట్టిమిద్దె మీదికి మన్ను ఎత్తుతామా?”

ఓబుళేశు లేచిపోయి వెనక నిలబడ్డాడు. మర్నాటి నుంచి బస్సే మార్చేశాడు.

బస్సు మారింది గానీ ఆ మాట మనసులోంచి దిగలేదు. ఒకరోజు షాపులో చుట్టిన తీగే విప్పి, విప్పిన తీగే చుట్టి, సాయంత్రానికి ఒక్క మోటారూ తేల్చలేకపోయాడు. తిన్నగా డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరు తిట్టలేదు. జబ్బు పోయినా దాని తోక కొన్నాళ్ళు మిగులుతుందని, నిద్ర చెడిందంటే అది మళ్ళీ వస్తున్నట్టు కబురని, చెప్పకుండా మాత్రలు ఆపొద్దని అన్నాడు. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు.

ఇంటావిడకూ నచ్చజెప్పి మాత్రలు మొదలుపెట్టాడు. నిద్ర మెల్లగా దారికొచ్చింది. సంగటికి రుచొచ్చింది.

ఒక ఉదయం పాత బస్సే ఎక్కాడు. ఒక్కసారైనా ముసలాయనతో అబద్ధం లేకుండా “మింగినా” అనాలని.

ఆ సీట్లో ఎవరో కాలేజీ పిల్లలున్నారు.

సుంకన్న యాడని కండక్టరు జీవమ్మను అడిగాడు. ఆమె టికెట్లు కొట్టడం ఆపింది.

“ఆసుపత్రిలో ఏసినారన్నా. అన్నం ముట్టడంట, పలకరిస్తే పలకడంట. నువ్వు రాకపోయినా శాన్నాళ్ళు తువ్వాలేసి పెట్టినాడు. ఆమీద ఆయప్పా రాలేదు.”

“ఏమైంది ఆయనకు?”

జీవమ్మ అతనికేసి వింతగా చూసింది.

“నీకు తెలీదా? ఆయప్పదీ నీ జబ్బేనన్నా. రోజూ నువ్వు దిగినాక, ‘ఆ పిల్లోడు మింగినాడంట’ అని నాకు చెప్పి, అప్పుడు తన మాత్ర మింగుతాండె.”