గట్టువైపే గెంతే కప్పపిల్లలు

ఒక కుంటలో చంగి అని ఆడకప్ప ఉండేది. గెంతుల పందెంలో దాన్ని కొట్టినవాళ్లు లేరు. కాలు బెణికి పందేలు మానేశాక, కుంటకి పెద్దయిన బొండుకప్ప దాన్ని తామరాకు మీద కూర్చోబెట్టాడు.

"పిల్లలకి గెంతడం నేర్పుతాను మామా," అంది చంగి.

"అన్ని పందేలు గెలిచావు, ఇంకా ఈ తిప్పలెందుకమ్మా? హాయిగా కూర్చో, అందరూ చూసి మురిసిపోతారు."

పందెం ఎప్పుడూ తూర్పుగట్టు వైపే. అందుకని పిల్లలకి అటు గెంతడమే అలవాటు. ఆ సంగతి కనిపెట్టి, ఒకరోజు ఒక పాము ఆ గట్టు గడ్డిలో నక్కింది. పిల్లలు పందేనికి వరసగా కూర్చున్నారు. గడ్డి కదలడం తామరాకు మీంచి చంగి చూసింది.

"పామర్రా, పాము!"

పిల్లలు హడలిపోయి, అలవాటు కొద్దీ గట్టువైపే గెంతడానికి కాళ్లు ముడిచారు. చంగి కుంటికాలితోనే వాళ్ల ముందుకి దూకింది.

"అటు కాదర్రా! వెనక్కి తిరగండి, నాతో గెంతండి!"

అందరూ దాని వెంటే లోతునీళ్లలో పడ్డారు. పాము కోర ఆఖరిపిల్ల కాలు గీరుకుని పోయింది, అంతే.

బొండు గబగబా వచ్చాడు. "తల్లీ చంగీ, రేపే నీకు పెద్ద సన్మానం చేస్తాం."

"సన్మానం వద్దు మామా," అంది చంగి రొప్పుతూ. "రేపు పొద్దున్నే పిల్లల్ని పంపు."