నాలుగో మంచం గంట

గంట మళ్ళీ మోగింది.

పొద్దుటి నుంచి అది పదకొండోసారి. గోడమీది బోర్డులో ఏ అంకె వెలిగిందో చూడనక్కర్లేకుండానే హెడ్ నర్సుకు తెలుసు, అది నాలుగో మంచమని.

"ఈ గంటమ్మ నా ప్రాణం తోడేస్తోంది సిస్టర్!" అంది ఆయా, చేతిలోని దుప్పట్ల మూట విసురుగా కింద పడేస్తూ.

"వెళ్ళి చూడు. ఈసారి ఏం కావాలో."

ఆ వృద్ధాశ్రమంలో మంచం దిగలేనివాళ్ళ హాలు అది. మంచానికీ మంచానికీ మధ్య మందపాటి తెర. ప్రతి మంచానికీ ఒక గంట మీట. నాలుగో మంచం పెద్దావిడ వచ్చి ఏడు నెలలైంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆ మీట వదిలితే ఒట్టు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ గంటమ్మే.

ఆయా కాస్త ఆలస్యంగా తిరిగొచ్చింది.

"ఏమిటట?"

"దుప్పటి జారిందట! నిక్షేపంలా ఒంటిమీదే ఉంది. ఎలాగూ వెళ్ళాను కదా అని, పనిలో పనిగా పక్కన టైలరమ్మకి కఫం తీసొచ్చాను."

మూడో మంచం టైలరమ్మకు పక్షవాతంతో కాలూ చెయ్యీ మాటా పడిపోయాయి. గంట నొక్కే ఓపిక కూడా లేదు. 'ఎంత బుద్ధిమంతురాలో, ఒక్కసారి పిలవదు!' అని ఆయాలు మెచ్చుకునేవాళ్ళు.

ఒళ్ళు మండిన హెడ్ నర్సు తానే వెళ్ళింది.

"ఏమ్మా, దుప్పటికీ గంటే, దోమకీ గంటేనా? ఇంకోసారి ఊరికే నొక్కారంటే మీట పీకించేస్తాను."

పెద్దావిడకు కోపం రాలేదు. మీటను మాత్రం గుప్పిట్లో దాచుకుంది.

"నన్నెన్నయినా తిట్టు తల్లీ. ఇది మాత్రం తియ్యకు. నీకు పుణ్యముంటుంది."

అరగంటకే మళ్ళీ గంట. ఈసారి కళ్ళజోడు కనబడలేదట. అది ఆవిడ ముక్కుమీదే ఉంది. హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం, కునుకులోనే పోయింది గంటమ్మ.

అందరూ 'అయ్యో' అన్నారు. లోపల్లోపల 'హమ్మయ్య' అని కూడా అనుకున్నారు. హెడ్ నర్సూ అనుకుంది.

ఆ హమ్మయ్య నాలుగు రోజులే నిలిచింది.

ఐదోరోజు భోజనాల వేళ మూడో మంచం తెర తీసిన ఆయా కెవ్వుమంది. టైలరమ్మ పెదాలు నీలంగా మారిపోయాయి. గొంతులో కఫం అడ్డుపడి, ఎంతసేపటినుంచి కొట్టుకుంటోందో ఏమో! హెడ్ నర్సు పరిగెత్తుకొచ్చి మిషన్‌తో కఫం లాగింది, ఆక్సిజన్ పెట్టింది. వెంట్రుకవాసిలో ప్రాణం దక్కింది.

డాక్టరు ముఖం చిట్లించాడు.

"ఏడు నెలల కింద ఈవిడకి ఇలాగే రెండుసార్లయింది. మధ్యలో ఏమీ లేదు. మళ్ళీ ఇవాళ. కారణమేమిటో చూసి రాసివ్వండి."

హెడ్ నర్సు గంటల రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. ఎడమవైపు పిలిచిన మంచం నెంబరు. కుడివైపు చేసిన పని. రోజూ పేజీ అడుగున సంతకం పెట్టేది తనే. ఏనాడూ అడ్డంగా చదివిన పాపాన పోలేదు.

ఇవాళ చదివింది.

పిలిచింది నాలుగు. మూడుకి కఫం తీశాం.

పిలిచింది నాలుగు. మూడు దిండుమీంచి జారి బోర్లా పడింది, సరిచేశాం.

పిలిచింది నాలుగు. మూడుకి ఆక్సిజన్ గొట్టం ఊడింది, పెట్టాం.

పేజీ తిప్పింది. అదే. ఇంకో పేజీ. అదే. ఏడు నెలలూ అదే.

హెడ్ నర్సు ఆయాను పిలిచింది.

"గంటమ్మ తనకోసం ఒక్కసారైనా పిలిచిందా?" అంది.

ఆయా తల దించుకుంది.

"వచ్చిన మొదటిరోజే చెప్పింది సిస్టర్, పక్కావిడ ఊపిరి బాగోలేదని. 'మీరేమన్నా డాక్టరా? మీకేమన్నా అయితే గంట కొట్టండి, పక్కవాళ్ళకి కొడితే రాం' అన్నాను. నేనే అన్నాను."

ఆ మర్నాటి నుంచే దుప్పటి జారడం, కళ్ళజోడు పోవడం.

హెడ్ నర్సు లేచి వెళ్ళి ఖాళీగా ఉన్న నాలుగో మంచం మీద కూర్చుంది. తెరకేసి తిరిగి చెవులు రిక్కించింది. ఇరవై ఏళ్ళుగా నర్సు పని చేస్తున్న మనిషి. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. అక్కడే చాలాసేపు, గుళ్ళో కూర్చున్నట్టు కూర్చుండిపోయింది.

మర్నాడు గంటమ్మ మేనకోడలు సామాన్ల కోసం వచ్చింది.

"మా అత్త మిమ్మల్ని బాగా విసిగించి ఉంటుంది. ఏమీ అనుకోకండి."

హెడ్ నర్సు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రిజిస్టరు ఆమె చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పింది.

"ఒక్కటే అంతుపట్టడం లేదమ్మా. మధ్యలో ఇంత మందం తెర. అవతల మనిషికి మాట కాదు కదా, మూలుగైనా రాదు. మీ అత్తగారికి ఎలా తెలిసేది?"

మేనకోడలు నాలుగు పేజీలు తిప్పింది. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ముప్పై ఏళ్ళు ఆవిడ చేసింది ఆ ఉద్యోగమే కదండీ, అంబులెన్సు ఆఫీసులో ఫోన్లు తియ్యడం," అంది. "అవతల ఎవరూ మాట్లాడని ఫోను వస్తే, పెట్టెయ్యకుండా మా అత్తకే కలిపేవాళ్ళట."