ఆరని హీటర్ లైటు

"ప్లగ్గులే! సందేహం లేదు," అన్నాడు మెకానిక్ బువజ్జా, బానెట్‌కు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని.

"నిన్న వైరింగ్ అన్నావు. మొన్న బ్యాటరీ అన్నావు," అన్నాడు హద్దూ, చలికి గడ్డకట్టిన వేళ్ళ మీద ఊదుకుంటూ. "ఆ పసుపు లైటు మాత్రం నన్ను చూసి ఇకిలిస్తూనే ఉంది మేస్త్రీ."

అజ్రూ కొండల్లో మంచు పడే రోజుల్లో డీజిల్ బండికి హీటర్ ప్లగ్గులే ప్రాణం. అవి వేడెక్కకపోతే ఇంజను నాలుగుసార్లు దగ్గి పడుకుంటుంది. హద్దూ టాక్సీలో హీటర్ లైటు ఆరడం లేదని తెస్తే, ప్లగ్గులకు కరెంటు పంపే రిలే పోయిందని బువజ్జా ఇట్టే పట్టేశాడు. కొత్తది బిగించి, పాతది మూలకు విసిరేశాడు. లైటు ఆరింది. బువజ్జా మీసం దువ్వుకుని, "పొద్దున్నే వచ్చి తీసుకుపో" అన్నాడు. పొద్దున్న చూస్తే లైటు మళ్ళీ వెలుగుతోంది. ఆనాటినుంచి బండి బువజ్జా ఇంటి కింది షెడ్డు దాటలేదు.

మిగతా మెకానిక్కులు మీటరు పెట్టి చూసుకుంటారు. బువజ్జా చెవి పెట్టి వింటాడు. మీటర్లు చెవిటివాళ్ళకని ఆయన అభిప్రాయం.

"పోనీ, ఆ రిలేనే ఇంకోసారి తీసి చూడరాదూ?" అన్నాడు ఎదురు కాఫీ హోటలు మోహా.

"నా చేత్తో బిగించినదాన్ని నేనే అనుమానించాలా? అంతకంటే గడ్డం గొరిగించుకుని ఊరేగుతాను!"

ఇంట్లోంచి షెడ్డులోకి దిగే మెట్ల మీద గాజుల చప్పుడైంది. బువజ్జా చెల్లెలు రఖియా టీ పళ్ళెం కింది మెట్టు మీద పెట్టి, పైకి వెళ్ళిపోయింది. షెడ్డులో కూర్చున్నవాడికి ఇంట్లోంచి టీ రాకపోతే ఆ ఇంటికి పరువు తక్కువ. బండి బాగుపడకపోయినా హద్దూకి పుదీనా టీ, వేడివేడి రవ్వ రొట్టె రోజూ తప్పడం లేదు.

రఖియా భర్త పోయి అన్న పంచన చేరింది. శరత్కాలంలో హద్దూ పెద్దమనుషుల్ని పంపి ఆమెను పెళ్ళికి అడిగించాడు. "మీకు రొట్టెలు కాల్చే మనిషి కావాలి. మాకూ అదే కావాలి," అని బువజ్జా వాళ్ళను గుమ్మంలోంచే సాగనంపాడు. రఖియాను అడగాలని ఆయనకు తోచనే లేదు. ప్లగ్గుకీ పూరీకర్రకీ తేడా తెలియని ఆడదాన్ని అడిగేదేముంటుంది!

ఊరు ఊరుకుంటుందా? "బువజ్జా చెవిలో ముందు హీటర్ ప్లగ్గు పెట్టండర్రా!" అని హోటల్లో ఎవడో అన్నాడు. టేబుళ్ళన్నీ గొల్లున నవ్వాయి. బువజ్జాకి ఒళ్ళు మండిపోయింది. గ్లాసు ఠపీమని పెట్టి లేచాడు.

"అందరూ వినండి! శుక్రవారం నమాజు అయ్యేసరికి ఆ లైటు ఆర్పకపోతే, హద్దూ నా ఇంట్లో ఏదడిగితే అదిస్తాను. అల్లా మీద ఒట్టు!"

అంతమంది ముందు వేసిన ఒట్టు తప్పితే ఇక ఆ ఊళ్ళో వాడి దగ్గరికి సైకిలు కూడా రాదు. బువజ్జా నిద్రాహారాలు మానేశాడు. ప్లగ్గులన్నీ కొత్తవి వేశాడు. తీగలు మార్చాడు. అన్నీ మార్చాడు, తను బిగించిన ఆ రిలే తప్ప.

శుక్రవారం మసీదులోంచి జనం నేరుగా షెడ్డుకే వచ్చారు. బువజ్జా బిస్మిల్లా అని తాళంచెవి తిప్పాడు. ఇంజను దగ్గింది. లైటు వెలిగింది. వెలుగుతూనే ఉంది.

నవ్వులు సద్దుమణిగాక హద్దూ గొంతు సవరించుకున్నాడు. "మీ రఖియాను నాకు ఇప్పించు మేస్త్రీ."

"ఓరి దొంగా!" బువజ్జా ముఖం కందిపోయింది. "ఇదా నీ ఎత్తు! నా బండిలో... నీ బండిలో నువ్వే ఏదో చేశావు!"

"నేనా? షెడ్డు తాళం నీది, బండి తాళంచెవి నీ జేబులో. నువ్వు లేనప్పుడు ఇక్కడ అడుగు పెట్టానా? బండి ఆగి నా కడుపు మాడుతుంటే నా పొయ్యిలో నేనే నీళ్ళు పోసుకుంటానా? ఖురాను మీద చెయ్యి వేయమన్నా వేస్తాను."

"అబద్ధమాడే మనిషి కాడు," అన్నాడు మోహా. "నా హోటలు ముందే కదా ఉంది షెడ్డు. నువ్వు లేకుండా లోపలికెళ్ళలేదు."

బువజ్జా అటూ ఇటూ చూశాడు. ఒక్క ముఖమైనా జాలిపడలేదు. ఒట్టు ఒట్టే. మెట్ల దగ్గరికి వెళ్ళి, గొంతులో లేని గాంభీర్యం తెచ్చుకుని కేకేశాడు.

"రఖియా! నిన్ను హద్దూకి ఇచ్చేశానమ్మా. ఏడవకు. నీ అన్న మాట నిలబెట్టు!"

"నీ మాట ఎప్పుడు కాదన్నాను అన్నయ్యా," అంది పైనుంచి గొంతు, ఎంతో వినయంగా.

చూశారా, మా ఇంటి పెంపకం అన్నట్టు బువజ్జా జనంవైపు తిరిగాడు.

పైన వంటింట్లో రఖియా పిండి డబ్బాలోంచి, అన్న తన చేత్తో బిగించిన ఆ కొత్త రిలేను బయటికి తీసింది.